దేశబంధు చిత్తరంజన దాసు - ఒక ఒడంబడిక చరిత్రము

నేడు కోల్‌కతాగా వ్యవహరింపబడుచున్న కలకత్తా మహానగరమున నివసించు ఆంధ్రులలో చిత్తరంజన్ అవెన్యూ ఎరుగనివారు ఉండరు. నగరపు దక్షిణభాగమునకు వెళ్ళువారికి చిత్తరంజన్ సేవాసదనము కానవచ్చును. రైల్వేశాఖలో పనిచేయువారికి చిత్తరంజన్ అనగనే అచటి ఇంజనుల కర్మాగారము జ్ఞప్తికి వచ్చును. 1950వ సంవత్సరమున ఆ కర్మాగారమునుండి వెలువడిన మొదటి ఆవిరి ఇంజనుకు ‘దేశబంధు’ అనియే పేరిడిరి. ఇట్లు వీధికిని, వైద్యశాలకును, యంత్రమునకును పేరుగా నిలిచిన చిత్తరంజన దాసుగారు గొప్ప బారిష్టరనియు, త్యాగధనులనియు, సుభాసచంద్ర బోసునకు రాజకీయ గురువులనియు లోకమెరుగును. కాని ఆయన తన పలుకుబడినంతయు పణముగా ఒడ్డి సాధింపజూచిన కార్యమొకటి కలదు. అది వంగదేశమున హిందువులకును ముస్లిములకును నడుమ న్యాయమైన ఒడంబడిక కుదుర్చుట. ఆ ఒడంబడిక మొదటి పరాజయము పొందినది మన ఆంధ్రదేశమున, కాకినాడ పట్టణముననే. కావున ఈ చరిత్రము వంగీయులతోపాటు ఆంధ్రులకును తెలియదగినది.

చిత్తరంజన దాసుగారు 1870 నవంబరు 5వ తేదీన కలకత్తాలో జన్మించిరి. వారి పూర్వులది ఢాకా జిల్లాలో విక్రమపురమునందలి తెలిర్‌బాగ్ గ్రామము. ఆ గ్రామము నేడు బంగ్లాదేశమున ఉన్నది. తండ్రి భువనమోహన దాసుగారు కలకత్తా హైకోర్టులో సొలిసిటరు, తల్లి నిస్తారిణీదేవి. ఆ కుటుంబము బ్రహ్మసమాజమున చేరినది. పెదతండ్రి దుర్గామోహన దాసుగారు స్త్రీవిద్య, వితంతు వివాహము మొదలగు సంస్కరణములకై పాటుపడి బంధువుల ఆగ్రహమునకు లోనైనవారు. నమ్మినదానిని ఆచరించుట, అందువలన కలుగు నష్టమును ఓర్చుకొనుట - ఈ రెండును దాసుగారికి ఇంటనే అలవడిన గుణములు.

భవానీపురమున మిషను పాఠశాలలో చదివి, ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టభద్రులై, దాసుగారు 1890లో సివిలు సర్వీసు పరీక్షకై ఇంగ్లండు వెళ్ళిరి. ఆ పరీక్షలో కృతార్థులు కాలేదు. న్యాయశాస్త్రము చదివి బారిష్టరై తిరిగివచ్చి, కలకత్తా హైకోర్టులో వృత్తి ప్రారంభించిరి. ఆరంభదశలో కక్షిదారులు అరుదు. అదియునుగాక తండ్రి ఉదారస్వభావులగుటచే, ఇతరులకు హామీలు నిలిచి అప్పులలో చిక్కుకొనియుండిరి. తండ్రి పత్రములపై కుమారుడును సంతకము చేసియుండుటచే 1906లో తండ్రీకొడుకులు ఇరువురును దివాలా ప్రకటింపవలసివచ్చెను. పేరుకై పాటుపడుచున్న యువన్యాయవాదికి ఇంతకు మించిన అవమానము లేదు.

దాసుగారి అదృష్టము మారినది ఆలీపూరు బాంబు కేసుతో. 1908లో అరవింద ఘోషుగారిని, వారితోపాటు మరికొందరిని ప్రభుత్వము కుట్ర నేరమున బంధించినపుడు వారి పక్షమున వాదించుటకు దాసుగారు పూనుకొనిరి. విచారణ నెలల తరబడి సాగెను. రాదగిన ప్రతిఫలము స్వల్పము. ఇతరమగు పనులు దాదాపు వదలుకొనవలసివచ్చెను. 1909 మే 6వ తేదీన అరవిందులు నిర్దోషిగా విడుదలయైరి. ఆనాటినుండి దాసుగారి కీర్తి దేశమంతట వ్యాపించెను; ఆర్జనయు పెరిగెను. ఆ ధనముతో ఆయన చేసిన మొదటిపని లోకమును ఆశ్చర్యపరచెను. దివాలా చట్టము ననుసరించి తీర్చనక్కరలేని పాతబాకీలన్నిటిని లెక్కగట్టి, ఋణదాతలకు చెల్లించి, 1913లో దివాలా ఉత్తర్వును రద్దు చేయించుకొనిరి. చట్టము కోరకున్నను ధర్మము కోరుచున్నదని తోచినపుడు ఋణము తీర్చవలసినదే అనుట వారి స్వభావము. తరువాతి కాలమున వారు రాజకీయములందు చేసిన పనిని గ్రహించుటకు ఈ విషయము మిక్కిలి ఉపకరించును.

దాసుగారు కేవలము న్యాయవాది కారు, కవి కూడ. ‘మాలంచ’, ‘సాగర సంగీత్’ మొదలగు కావ్యములను రచించిరి. ‘సాగర సంగీత్’ను అరవిందులే ఆంగ్లమున అనువదించిరి. 1914లో ‘నారాయణ’ అను మాసపత్రికను స్థాపించిరి. బ్రహ్మసమాజమున పుట్టిపెరిగినను, వయస్సు గడచినకొలది వంగదేశపు వైష్ణవభక్తి వారిని ఆకర్షించెను. 1917లో భవానీపురమున జరిగిన వంగరాష్ట్రీయ మహాసభకు అధ్యక్షులై, నాటి ఆచారమునకు భిన్నముగా ఆంగ్లమును విడిచి వంగభాషలో ఉపన్యసించిరి. పల్లెలలో నాగలి పట్టిన వంగీయుడు హిందువైనను ముస్లిమైనను అతని సుఖదుఃఖములను గుర్తింపని రాజకీయము నిరర్థకమని వారి అభిప్రాయము. ధనికులును విద్యావంతులును మాత్రమే పాల్గొను సభలవలన దేశము లేవజాలదని వారు నిశ్చయించుకొనిరి.

ఆనాటి వంగరాష్ట్రపు స్థితిని ఇచట కొంత వివరించుట అవసరము. రాష్ట్ర జనసంఖ్యలో సగమునకు మించినవారు ముస్లిములు. వారిలో అత్యధికులు తూర్పు జిల్లాల రైతులు. భూములపై జమీందారీ హక్కులును, వడ్డీవ్యాపారమును, వకీలువృత్తియు, గుమాస్తా కొలువులును ఎక్కువగా హిందువుల చేతులలో నుండెను. ఆంగ్లవిద్య హిందువులలో ముందుగా వ్యాపించుటయు, ముస్లిములలో ఆలస్యముగా ప్రవేశించుటయు ఇందుకు ఒక కారణము. 1905లో కర్జను ప్రభువు వంగరాష్ట్రమును రెండుగా చీల్చినపుడు హిందువులు దానిని ప్రతిఘటించిరి. ముస్లిములలో పెక్కురు తూర్పున తమకొక రాజధాని ఏర్పడెనని సంతసించిరి. స్వదేశీ ఉద్యమమున విదేశవస్త్ర బహిష్కారమును గ్రామములలో నిర్బంధముగా అమలుపరచినచోట్ల, చవుక గుడ్డకై వెదకు పేదరైతులు నొచ్చుకొనిరి. 1907లో కొమిల్లాలోను, జమాల్‌పూరులోను కలహములు చెలరేగెను. 1911లో విభజనము రద్దయినపుడు హిందువులు విజయోత్సవము జరుపుకొనిరి. ముస్లిములు తమను ప్రభుత్వము వంచించినదని తలచిరి. ఒకే సంఘటన ఒకరికి పండుగ, మరియొకరికి నష్టము అగుట ఆ రాష్ట్రపు దౌర్భాగ్యము.

1916లో లక్నో నగరమున కాంగ్రెసును ముస్లింలీగును కుదుర్చుకొనిన ఒప్పందము దేశమంతటి ఐక్యమునకు మేలు చేసినను, వంగదేశపు ముస్లిములకు తృప్తి కలిగింపలేదు. ముస్లిములు తక్కువగానున్న రాష్ట్రములలో వారికి సంఖ్యను మించిన స్థానములు లభించెను. అందుకు బదులుగా, అధిక సంఖ్యాకులైన వంగదేశమున వారికి నూటికి 40 స్థానములు మాత్రమే నిర్ణయింపబడెను. 1918 సెప్టెంబరులో కలకత్తా వీధులలో అల్లర్లు జరిగెను. మసీదు ఎదుట మేళతాళములతో ఊరేగింపు సాగుట, బక్రీదు పండుగనాడు గోవధ - ఈ రెండును ఏటేట కలహకారణములగుచుండెను. పైకి మతవిషయములుగా కానవచ్చు ఈ తగవుల వెనుక కొలువులు, స్థానములు, భూమి, గౌరవము అను వానికై జరుగు పోరాటము కలదని దాసుగారు గ్రహించిరి.

1920 సెప్టెంబరులో కలకత్తాలో జరిగిన ప్రత్యేక కాంగ్రెసున గాంధీమహాత్ముని సహాయనిరాకరణ ప్రతిపాదనను దాసుగారు ఎదిర్చిరి. డిసెంబరులో నాగపురమున మహాత్మునితో చర్చించిన పిమ్మట ఆయనయే ఆ తీర్మానమును ప్రతిపాదించిరి. అంగీకరించుటయే తడవుగా, నెలకు వేలకొలది రూపాయలు తెచ్చిపెట్టుచున్న న్యాయవాదవృత్తిని విడిచివేసిరి. ప్రజలు వారిని దేశబంధువని పిలువజొచ్చినది ఈ కాలముననే. ఖిలాఫతు ఉద్యమము ఆనాడు హిందూముస్లిములను ఒక వేదికపైకి తెచ్చెను. 1921 డిసెంబరులో కలకత్తా వీధులలో ఖద్దరు అమ్మబోయి దాసుగారి భార్య వాసంతీదేవిగారు నిర్బంధింపబడిరి. కొలది దినములలోనే దాసుగారును చెరసాల పాలైరి. ఆ ఏటి అహమ్మదాబాదు కాంగ్రెసుకు ఆయన అధ్యక్షులుగా ఎన్నుకొనబడియున్నను, చెరలో నుండుటచే హకీం అజ్మల్ ఖాను వారి స్థానమున అధ్యక్షత వహించిరి.

1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటన వలన మహాత్ముడు ఉద్యమమును నిలిపివేసిరి. ఉద్యమము నిలిచినంతనే, అది కలిపియుంచిన రెండు మతములవారి నడుమ పాతగోడలు మరల లేచెను. చెరనుండి వెలువడిన దాసుగారు ఈ పరిణామమును చూచిరి. ఒక మతమువారి మనోవేదనపై ఆధారపడిన కూటమి ఆ వేదన చల్లారగనే చెదరిపోవుననియు, నిలుకడగల ఐక్యమునకు ఇరువురి ప్రయోజనములను లెక్కగట్టి వ్రాసికొనిన ఒప్పందము కావలెననియు వారికి తోచెను. 1922 డిసెంబరున గయలో జరిగిన కాంగ్రెసునకు అధ్యక్షులై, శాసనసభలలో ప్రవేశించి లోపలినుండి ప్రభుత్వమును స్తంభింపజేయవలెనని సూచించిరి. రాజగోపాలాచారిగారి నాయకత్వమున మార్పు కోరనివారు ఆ సూచనను ఓడించిరి. దాసుగారు అధ్యక్షపదవికి రాజీనామా యిచ్చి, మోతీలాల్ నెహ్రూగారితో కలిసి స్వరాజ్యపార్టీని స్థాపించిరి.

1923 నవంబరులో జరిగిన ఎన్నికలలో వంగదేశ శాసనమండలిలో స్వరాజ్యపార్టీ అన్నిటికంటె పెద్దపక్షముగా నిలిచెను. జాతీయోద్యమ పితామహులలో ఒకరైన సురేంద్రనాథ బెనర్జీగారిని ఓడించినవారు, స్వరాజ్యపార్టీ మద్దతు పొందిన యువవైద్యులు విధానచంద్ర రాయ్‌గారు. మంత్రివర్గము ఏర్పరచుడని గవర్నరు లిట్టను ప్రభువు కోరగా దాసుగారు నిరాకరించిరి. మండలిలో ముస్లిము సభ్యులు తోడ్పడక ప్రభుత్వమును ఓడించుట అసాధ్యము. రాజకీయావసరము ఒకవైపును, చిరకాలపు విశ్వాసము మరియొకవైపును వారిని ఒకే కార్యమునకు ప్రేరేపించెను. ముస్లిము నాయకులతో చర్చలు జరిపి, 1923 డిసెంబరులో ఒక ఒడంబడికను సిద్ధపరచి, తన పక్షముచేతను రాష్ట్ర కాంగ్రెసు సంఘముచేతను ఆమోదింపజేసిరి. చరిత్రలో దీనికి వంగ ఒడంబడిక అని పేరు.

ఆ ఒడంబడికలోని ముఖ్యాంశములు ఇవి. శాసనమండలిలో స్థానములు జనసంఖ్యను బట్టి, ప్రత్యేక నియోజకవర్గముల ద్వారా ఇరుమతములవారికిని పంచబడవలెను. జిల్లాలలోని స్థానిక సంస్థలందు ఏ మతమువారు అధికసంఖ్యాకులైన వారికి నూటికి 60, అల్పసంఖ్యాకులకు 40 స్థానములుండవలెను. ప్రభుత్వోద్యోగములలో నూటికి 55 ముస్లిములకు చెందవలెను. ఆ నిష్పత్తి చేకూరువరకు నియామకములందు వారికి ప్రాధాన్యము ఈయవలెను. ఒక మతమునకు సంబంధించిన చట్టమేదియు ఆ మతమునకు చెందిన ఎన్నికైన సభ్యులలో నూటికి 75 మంది సమ్మతి లేక చేయరాదు. మసీదుల ఎదుట మేళతాళములతో ఊరేగింపులు సాగరాదు. మతాచారముగా జరుగు గోవధకు ఆటంకము కలిగింపరాదు; అయితే అది హిందువుల మనస్సు నొచ్చునట్లు జరుగరాదు. వీనిని పర్యవేక్షించుటకు ప్రతి సబ్‌డివిజనులోను సగము మంది హిందువులు, సగము మంది ముస్లిములు గల సంఘములు ఏర్పడవలెను.

ప్రభుత్వ కార్యాలయములందు పనిచేయువారికి ఇందులో మూడవ అంశము ఎంత కఠినమైనదో వివరింప నక్కరలేదు. మౌలానా అబుల్ కలామ్ ఆజాద్‌గారు తమ ఆత్మకథలో తెలిపిన ప్రకారము ఆనాడు వంగదేశపు ప్రభుత్వోద్యోగములలో ముస్లిములు నూటికి 30 మందియైనను లేరు. అనగా చదువుకొనిన హిందూ కుటుంబములు తమ బిడ్డలకు రాదగినవని తలచిన కొలువులను ముందు ముందు వదలుకొనవలెను. విద్యావంతులగు హిందువులే దాసుగారికి కుడిభుజము. వారినే ఆయన త్యాగము చేయుడని అడిగిరి. దివాలా కాలమున తండ్రి అప్పును ఎట్లు తన అప్పుగా భావించిరో, అట్లే తన సంఘము ముందుగా అభివృద్ధి పొందుటవలన వెనుకబడినవారికి బాకీపడియున్నదని ఆయన భావించిరి. బలవంతుడు ముందుగా చేయిచాచినగాని బలహీనుని అనుమానము తొలగదని వారి వాదము.

వ్యతిరేకత వెంటనే చెలరేగెను. హిందూ పత్రికలలో పెక్కు ఒడంబడికను తీవ్రముగా దూషించెను. దాసుగారు మండలిలో ఓట్లు కొనుటకై హిందువుల హక్కులను అమ్మివేసిరని నిందించిరి. 1907లో రాజమహేంద్రవరము మొదలగు పట్టణములలో ఉపన్యసించి ఆంధ్రుల నుఱ్ఱూతలూపిన బిపినచంద్ర పాలుగారు కూడ ప్రతిపక్షమున నిలిచిరి. విమర్శలలో కొన్ని అసూయాజన్యములు. కొన్ని మాత్రము ఆలోచింపదగినవి. ప్రత్యేక నియోజకవర్గములను అంగీకరించుట వలన రెండు మతములవారు శాశ్వతముగా వేరువేరు రాజకీయసంఘములగుదురని పలువురు భయపడిరి. దేశమంతటికిని సంబంధించిన సమస్యను ఒక రాష్ట్రము తనంత తాను పరిష్కరించుకొనుట తగదని మరికొందరు వాదించిరి.

ఇట్టి వాతావరణమున, 1923 డిసెంబరు చివర, కాకినాడలో కాంగ్రెసు మహాసభ సమావేశమయ్యెను. అధ్యక్షులు మౌలానా మహమ్మదలీ; ఆహ్వానసంఘాధ్యక్షులు దేశభక్త కొండ వెంకటప్పయ్య పంతులుగారు. మహాత్ముడు అప్పటికి ఎరవాడ చెరలోనే యుండిరి. సభ ఎదుట రెండు పత్రములుండెను. ఒకటి లాలా లజపతిరాయ్, డాక్టరు అన్సారీగార్లు దేశమంతటికై సిద్ధపరచిన జాతీయ ఒడంబడిక. రెండవది దాసుగారి వంగ ఒడంబడిక. మొదటిదానిని ఇంకను ఆలోచించవలెనని వాయిదా వేసిరి. రెండవదాని ప్రసక్తియే తీర్మానమున ఉండరాదని సభ్యులు పట్టుపట్టిరి. దాసుగారు లేచి ఆవేశముతో వాదించిరి. సూచనలు చేయు హక్కు ప్రతి రాష్ట్రమునకు కలదనియు, ఒడంబడికను తొలగింపవచ్చునుగాని వంగదేశమును కాంగ్రెసునుండి తొలగింపజాలరనియు స్పష్టపరచిరి. ఓట్లు లెక్కింపగా ఆయన ఓడిపోయిరి. గోదావరి సీమ సముద్రతీరమున ఆనాడు ఓటు వేసినవారిలో ఎక్కువమంది దురుద్దేశము కలవారు కారు. తొందర వలదు, దేశమంతటికి ఒకేసారి పరిష్కారము వెదకుదమని వారనుకొనిరి. కాని ఆ దేశవ్యాప్త పరిష్కారము ఎన్నడును చేకూరలేదు.

పరాజయముతో దాసుగారు వెనుకకు తగ్గలేదు. 1924 జూనులో సిరాజ్‌గంజ్ పట్టణమున మౌలానా అక్రమ్ ఖానుగారి అధ్యక్షతను జరిగిన రాష్ట్రీయ మహాసభలో ఒడంబడికను ఆమోదింపజేసిరి. కాగితముపై వ్రాసినది కార్యమున చూపుటకు వారికి కలకత్తా కార్పొరేషనులో అవకాశము లభించెను. 1923 నాటి క్రొత్తచట్టము ననుసరించి 1924లో జరిగిన ఎన్నికలలో స్వరాజ్యపార్టీ గెలువగా, దాసుగారు నగరపు మొదటి మేయరైరి. డిప్యూటీ మేయరుగా హుసేన్ షహీద్ సుహ్రావర్దిగారిని, ముఖ్య కార్యనిర్వాహకుడుగా 27 ఏండ్ల సుభాసచంద్ర బోసును నియమించిరి. ఉచితముగా ప్రాథమికవిద్య, పేదలకు ఉచితవైద్యము, చవుకగా పాలు, శుభ్రమైన నీరు - ఇవి వారి కార్యక్రమములు. కార్పొరేషను కొలువులలో ముస్లిములకు మునుపెన్నడును లేనంత అవకాశము కల్పించిరి. ఉద్యోగార్థులగు హిందూయువకులు గగ్గోలు పెట్టినను బోసుగారు వెనుదీయలేదు. దాసుగారు ఆయనకు అండగా నిలిచిరి.

శాసనమండలిలో హిందూముస్లిము సభ్యులు కలిసి ఓటు వేయుటచే 1924లో మంత్రుల జీతములు తిరస్కృతములయ్యెను. ద్వంద్వప్రభుత్వము వంగదేశమున నడువజాలకపోయెను. ఆ మంత్రులలో ఫజలుల్ హక్‌గారు ఒకరు. అక్టోబరులో బోసుగారిని ప్రభుత్వము విచారణలేక నిర్బంధించెను. అప్పటికి దాసుగారి ఆరోగ్యము మిక్కిలి క్షీణించినది. 1925 జనవరిలో నిర్బంధశాసనము మండలి ఎదుటికి వచ్చినపుడు, నడువజాలని స్థితిలో వారిని మోసికొనివచ్చిరి. ఆ శాసనము మండలిలో ఓడిపోయెను. తమ నివాసగృహమును ధర్మకార్యములకై జాతికి సమర్పించిరి. మే నెలలో ఫరీద్‌పూరు మహాసభకు అధ్యక్షత వహించి, గాలిమార్పునకై డార్జిలింగు వెళ్ళిరి. 1925 జూన్ 16వ తేదీన అచటనే పరమపదించిరి. వారి వయస్సు 54 ఏండ్లు మాత్రమే. పార్థివదేహము సియాల్దా స్టేషనునకు చేరినపుడు లక్షలకొలది ప్రజలు గుమిగూడిరి. మహాత్ముడు ముందు నడువగా కేవడాతలా శ్మశానవాటికకు సాగిన ఆ ఊరేగింపులో హిందువులు, ముస్లిములు అను భేదము కానరాలేదు. కవి కాజీ నజ్రుల్ ఇస్లాంగారు దాసుగారిని గూర్చి రచించిన గీతములు ‘చిత్తనామా’ అను పేర ఆ యేడే గ్రంథముగా వెలువడెను.

దాసుగారు గతించి ఏడాది తిరుగకమునుపే ఆయన భయపడినదంతయు జరిగెను. 1926 ఏప్రిల్ 2వ తేదీన ఆర్యసమాజపు ఊరేగింపు వాద్యములతో హారిసన్ రోడ్డుపై, అనగా నేటి మహాత్మాగాంధీ రోడ్డుపై, ఒక మసీదు ఎదుటికి వచ్చెను. వాద్యములు ఆపుటను గూర్చి తగవు పుట్టి, ఏప్రిల్ మే నెలలందు కలకత్తాలో ఘోరమైన కలహములు చెలరేగెను. రెండు మతముల వారిలోను నూరుమందికి పైగా మరణించిరి. ఒడంబడికలో ఒక వాక్యముగా వ్రాయబడి, ప్రతి సబ్‌డివిజనులోను ఉభయసంఘములచే పరిష్కరింపబడవలసిన విషయమే ఇట్లు నెత్తురు చిందించెను. అదే మే నెలలో కృష్ణనగరమున జరిగిన రాష్ట్రీయ మహాసభలో దాసుగారి అనుచరులే ఒడంబడికను రద్దుచేసిరి. ఆ సభకై నజ్రుల్‌గారు, మునుగుచున్న ఓడకు చుక్కాని పట్టువానిని హెచ్చరించుచు, ‘కాండారీ హుషియార్’ అను ప్రసిద్ధగీతమును రచించిరి. గీతము నిలిచినది, ఒడంబడిక నిలువలేదు.

తరువాతి చరిత్ర అందరికిని తెలిసినదే. 1928లో కౌలుచట్ట సవరణపై చర్చ జరిగినపుడు స్వరాజ్యపార్టీవారు జమీందారుల పక్షమున నిలువగా, తూర్పు జిల్లాల రైతులు ఆ పార్టీకి దూరమైరి. ముస్లిము నాయకులు ఒక్కొక్కరుగ కాంగ్రెసును విడిచిరి. 1946 ఆగస్టు 16వ తేదీన కలకత్తాలో మొదలైన మారణహోమమున సుమారు నాలుగువేలమంది హతులైరని అంచనా. అప్పుడు వంగదేశపు ప్రధానమంత్రిగా నుండినవారు, ఒకనాడు దాసుగారి ప్రక్కన డిప్యూటీ మేయరుగా కూర్చుండిన సుహ్రావర్దిగారే. 1947 ఆగస్టులో ఆ సుహ్రావర్దిగారినే వెంటబెట్టుకొని మహాత్ముడు బేలియాఘాటలోని ఒక పాడుబడిన ఇంట నివసించి, సెప్టెంబరు 1 నుండి 4వ తేదీవరకు నిరశనవ్రతము సలిపి నగరమున శాంతి నెలకొల్పవలసివచ్చెను. అప్పటికే దేశము విభజింపబడి, దాసుగారి పూర్వుల గ్రామము పరదేశమయ్యెను. దాసుగారు అకాలమరణము పొందకయుండినచో దేశమున క్రొత్త వాతావరణము ఏర్పడియుండెడిదనియు, ఆయన ఒడంబడికను త్రోసివేయుటతోనే విభజనమునకు తొలివిత్తు పడినదనియు ఆజాద్‌గారు తమ ఆత్మకథలో అభిప్రాయపడిరి.

ఆ అభిప్రాయమును పూర్తిగా అంగీకరింపవలెనన్న నిర్బంధము లేదు. వంగ ఒడంబడికలో లోపములు లేకపోలేదు. అది ప్రత్యేక నియోజకవర్గములను తొలగింపక స్థిరపరచెను. స్థానములను, కొలువులను పంచెనుగాని భూమిని గూర్చి ఒక్కమాటయైన చెప్పలేదు. జమీందారునకును రైతునకును నడుమనున్న అంతరము అట్లే మిగిలెను. ఇది చదువుకొనినవారి నడుమ కుదిరిన ఒప్పందమేగాని పల్లెలయందలి అసంఖ్యాకుల నడుమ కుదిరినది కాదు. ఒక్క మహానాయకుని పలుకుబడిపై నిలిచిన కట్టడము ఆ నాయకుడు పోగానే కూలుటలో వింతలేదు.

అయినను ఒకమాట నిశ్చయముగా చెప్పవచ్చును. ఐక్యమును గూర్చి ఉపన్యసించినవారు ఆనాడు వేలకొలదిగ కలరు. దానికి మూల్యమెంత, దానిని ఎవరు చెల్లింపవలెను అని లెక్కవేసి కాగితముపై వ్రాసినవారు అరుదు. తన వారి కోపమునకు వెరువక ఆ మూల్యము మొదట తన వారే చెల్లింపవలెనని చెప్పినవారు మరియు అరుదు. మతకలహములు నమాజు వేళ మ్రోగు డోలుతోనో, పండుగనాటి గోవుతోనో మొదలైనట్లు పత్రికలు వ్రాయును; కాని వానికి విత్తనములు కార్యాలయములలో, పాఠశాలలలో, పొలముగట్లపై చాలకాలము ముందే చల్లబడును. న్యాయమైన పాలు దక్కినదని నమ్మినవాడు డోలుశబ్దమునకు కత్తి దూయడు. దాసుగారు తండ్రి అప్పును తీర్చినపుడు లోకము మెచ్చుకొనెను. సంఘపు బాకీని తీర్చబోయినపుడు నిందించెను. వ్యక్తి ఋణమును గుర్తించుట సులభము, సంఘము ఋణమును గుర్తించుట కష్టము. అట్టి కష్టమునకు పూనుకొనుటచేతనే చిత్తరంజన దాసుగారు దేశబంధువను పేరునకు తగినవారైరి.